కళ్లు పచ్చబడే దాకా ఆగొద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు చెప్పుకుంటాం. ఆ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. మాకు ఇచ్చిన కొద్ది సమయంలో కామెర్ల గురించి, కాలేయానికి వచ్చే వైరస్ జబ్బుల గురించి మాట్లాడదామనుకున్నాం. మేము డాక్టర్లం కాదు. మాలో పదో తరగతి దాకా చదివినవాళ్లు ఉన్నారు, వేలిముద్ర నుంచి సంతకం దాకా వచ్చినవాళ్లు ఉన్నారు. శిక్షణలో విన్నదీ, మా ఊళ్లో కళ్లారా చూసిందీ కలిపి చెప్తున్నాం.

ఈ విషయమే ఎందుకు అంటే, వాయిదా ఆగిన ఇంటికి మనం వెళ్లి "ఏమ్మా, ఈ నెల ఎందుకు కట్టలేదు?" అని అడిగితే ఎక్కువసార్లు వినపడే జవాబు "ఇంట్లో బాగోలేదు" అనే. గేదె కొనడానికి తీసుకున్న అప్పు ఆసుపత్రికి పోతుంది. మిషను కొనడానికి తీసుకున్నది పసరు మందుకి, స్కానింగులకి పోతుంది. జబ్బు ముందే తెలిస్తే ప్రాణమూ మిగులుతుంది, అప్పూ మిగులుతుంది.

ముందుగా ఒక మాట. కామెర్లు అనేది జబ్బు పేరు కాదండి. జ్వరం ఎలాగైతే లోపల ఏదో ఉందని చెప్పే గుర్తో, కామెర్లు కూడా అలాంటి గుర్తే. మన ఒంట్లో పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పసుపు రంగు పదార్థం ఒకటి తయారవుతుంది. దాన్ని బయటికి పంపే పని కాలేయానిది, అంటే లివరుది. కాలేయం ఆ పని చేయలేకపోతే పసుపు రంగు రక్తంలో ఉండిపోయి కళ్లలో, మూత్రంలో, చర్మంలో కనపడుతుంది. అలా జరగడానికి వైరస్ ఒక కారణం. తాగుడు ఇంకో కారణం. పిత్తాశయంలో రాళ్లు, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు. అందుకే కళ్లు పచ్చగా ఉంటే "కామెర్లే కదా" అని ఊరుకోకుండా "ఏ కారణంతో వచ్చాయి?" అని అడగాలి.

కాలేయాన్ని వాపు చేసే వైరస్‌లు ముఖ్యంగా ఐదు. వాటికి అక్షరాలే పేర్లు పెట్టారు: హెపటైటిస్ ఎ, బి, సి, డి, ఇ. ఐదు పేర్లూ గుర్తుండకపోయినా పర్వాలేదు, రెండు దారులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎ, ఇ అనేవి నోటి దారిన వస్తాయి. బి, సి, డి అనేవి రక్తం దారిన వస్తాయి.

నోటి దారి అంటే మలం కలిసిన నీళ్లు, ఆ నీళ్లతో కడిగిన తిండి, కడగని చేతులు. మురుగుకాలువ పక్క నుంచి పోయే కుళాయి పైపు పగిలితే ఆ పైపు నీళ్లు తాగే వీధి వీధికీ కామెర్లు వస్తాయి. ఇది చిన్న ఊళ్లకే పరిమితం కాదు. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో దేశ రాజధాని ఢిల్లీలోనే 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. యమునా నది నుంచి ఊరికి నీళ్లు తీసుకునే చోట మురుగు వచ్చి కలిసింది. అది హెపటైటిస్ ఇ అని చాలా ఏళ్ల తర్వాత, దాచి ఉంచిన రక్తాన్ని పరీక్ష చేసి తేల్చారు.

ఎ, ఇ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. విశ్రాంతి, ఒంటికి సరిపడా నీళ్లు, తేలిగ్గా అరిగే తిండి ఉంటే చాలు. ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోండి, పసరు మందు దగ్గర మళ్లీ దీని గురించే చెప్తాం. కానీ ఒకరికి మాత్రం ఇ రకం ప్రాణం మీదికి తెస్తుంది. వాళ్లు గర్భిణులు. ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఇ వస్తే వంద మందిలో 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్తారు. అందుకే కడుపుతో ఉన్న కోడలికి, కూతురికి కళ్లు పచ్చగా కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. నేరుగా ఆసుపత్రికే తీసుకుపోవాలి.

ఇప్పుడు రక్తం దారి. బి, సి వైరస్‌లు వాడిన సూది మళ్లీ వాడితే వస్తాయి. పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే వస్తాయి. ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడినా, శుభ్రం చేయని సూదితో పచ్చబొట్టు పొడిచినా, చెవులు కుట్టినా రావచ్చు. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి వస్తాయి. చల్లకొచ్చి ముంత దాచుకోవడం ఎందుకు, భార్యాభర్తల కలయికలో కూడా వస్తాయి, బి అయితే మరీ ఎక్కువ. బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఎండిపోయిన రక్తపు మరక ఉన్న బ్లేడు కూడా ప్రమాదమే. ఇక డి అనేది ఒంటరిగా రాదు, బి ఉన్నవాళ్లకే వస్తుంది.

మనకి ఒక అలవాటు ఉంది. ఒళ్లు నొప్పులన్నా, జ్వరమన్నా "సూది వేస్తేనే తగ్గుతుంది" అంటాం. మాత్ర ఇస్తే ఆ డాక్టరు మంచివాడు కాదంటాం. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి పాకి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాళ్లూ మనలాగే చిన్నచిన్న జబ్బులకి సూది వేయించుకోవడానికి వెళ్లినవాళ్లే. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా "మాత్రతో తగ్గదా అండి?" అని అడగండి. తప్పదు అంటే మన కళ్ల ముందు కొత్త ప్యాకెట్ చింపి సిరంజీ తీయమనండి. అలా అడిగితే వాళ్లేమనుకుంటారో అని మొహమాటపడొద్దు. బ్యాంకులో వడ్డీ లెక్క నిలదీసి అడిగేవాళ్లం, సూది సంగతి అడగలేమా?

ఇక అసలు సంగతికి వస్తున్నాం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని మన పెద్దలు సామెత చెప్పారు. బి, సి వైరస్‌లతో చిక్కు ఎక్కడుందంటే, అవి ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్నా చాలామందికి ఏదీ పచ్చగా కనపడదు. కళ్లు తెల్లగానే ఉంటాయి. ఆకలి బాగానే ఉంటుంది. పొలం పని చేసుకుంటూనే ఉంటారు. లోపల మాత్రం కట్టని అప్పు మీద వడ్డీ పెరిగినట్టు కాలేయం కొంచెం కొంచెంగా గట్టిపడిపోతూ ఉంటుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు. కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, రక్తం కక్కుకునే రోజుకి చేయగలిగింది తక్కువే మిగులుతుంది.

వయసుని బట్టి కూడా తేడా ఉంది. పెద్దయ్యాక బి సోకితే వందలో 95 మందికి పైగా ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. అదే పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే వందలో 90 మంది పిల్లల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు సుమారు 3 కోట్ల మంది, సి ఉన్నవాళ్లు సుమారు 55 లక్షల మంది. వాళ్లలో చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్తాం. పేరు చెప్పం. ఆమె అనుమతి తీసుకునే చెప్తున్నాం. మా సంఘంలో ఒక సభ్యురాలి భర్తకి పొట్ట ఉబ్బింది. ఆయనకి ఎప్పుడూ కామెర్లు రాలేదు. గ్యాసు అనుకుని కొన్నాళ్లు, దిష్టి అనుకుని కొన్నాళ్లు గడిపారు. చివరికి జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే హెపటైటిస్ బి అని తేలింది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయమన్నారు. ఆమెకీ ఉంది. పెద్దమ్మాయికీ ఉంది. పెద్దమ్మాయి కాన్పు ఇంట్లోనే జరిగింది, పుట్టిన రోజు వేయాల్సిన టీకా పడలేదు. చిన్నబ్బాయి ఆసుపత్రిలో పుట్టాడు, పుట్టిన రోజే టీకా పడింది. వాడికి లేదు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, మధ్యలో ఒక్క టీకా తేడా.

ఆయనకి రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టారు. తల్లికీ కూతురికీ ఇప్పుడు మందు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకోమన్నారు. వాళ్ల ఇంటికి జబ్బుతో వచ్చిన కష్టం ఇదే.

ఊరితో వచ్చిన కష్టం ఇంకోటి. ఈ సంగతి బయటికి పొక్కగానే వాళ్లింట్లో మంచినీళ్లు తాగడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె బిందె తీసేదాకా దూరంగా నిలబడ్డారు. ఆమె సంఘం మీటింగుకి రావడం మానేసింది. పొదుపు డబ్బులు కూతురి చేతికిచ్చి పంపేది. ఆ పిల్ల గడప బయటే నిలబడి డబ్బులిచ్చి వెళ్లిపోయేది. మూడు మీటింగులకి రాకపోతే జరిమానా వేయాలని మన రూలు. ఆ మీటింగులో జరిమానా మాట వచ్చినప్పుడు మాలో ఒకామె "ఆమె రావట్లేదా, మనం రానివ్వట్లేదా?" అని అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. జరిమానా రాయలేదు. తర్వాతి మీటింగుకి ఏఎన్‌ఎం గారిని పిలవాలని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశాం.

ఏఎన్‌ఎం గారు వచ్చి చెప్పింది ఇదీ. కలిసి కూర్చుంటే బి, సి రావు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా రావు. చేయి పట్టుకున్నా, దగ్గినా, తుమ్మినా, బిడ్డని ఎత్తుకున్నా రావు. దోమ కుడితే రాదు. బిడ్డకి టీకా వేయిస్తే తల్లి పాలు కూడా ఇవ్వొచ్చు. వేరుగా ఉంచుకోవాల్సింది బ్లేడు, రేజరు, పళ్లు తోముకునే బ్రష్షు, గోళ్లు తీసుకునే కత్తెర. అంతే. ఆ రోజు మా లీడరక్కలు ఇద్దరు వెళ్లి ఆమెని ఇంటి నుంచి తీసుకొచ్చారు. టీ పెట్టి అందరికీ అవే గ్లాసుల్లో పోశారు. ఒకరిద్దరు గ్లాసు ముట్టుకోలేదు, నిజమే చెప్తున్నాం. మిగతావాళ్లం తాగాం. ఇప్పుడు ఆమె మీటింగులకి వస్తోంది. ఆమె చెప్పబట్టే మా ఊళ్లో ఇంకొందరు పరీక్ష చేయించుకున్నారు. ఆమె ఇంట్లోనే దాక్కుని ఉంటే ఎవరూ చేయించుకునేవాళ్లు కాదు.

పసరు మందు గురించి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో పసరు తాగనివాళ్లు తక్కువే. మేమూ తాగినవాళ్లమే. మన పెద్దల్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఇందాక ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయని చెప్పాం కదా. తగ్గే జబ్బుకి పసరు ఇస్తే, తగ్గిన పేరు పసరుకి వస్తుంది. అదే పసరు బి, సి ఉన్నవాళ్లకి ఇస్తే పచ్చదనం కొన్నాళ్లకి పోయి "నయమైంది" అనుకుంటారు, వైరస్ మాత్రం లోపలే ఉండిపోవచ్చు. చేతి మీద వాత పెట్టించడం, కంట్లో, ముక్కులో పసరు పోయించడం అయితే అసలు వద్దు. వాత పుండవుతుంది, కన్ను పోతుంది, కాలేయానికి మాత్రం ఏమీ కాదు. కామెర్లతో ఉన్న మనిషి మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా అది అత్యవసరం. 108కి ఫోన్ చేయాలి.

ఇక ధైర్యం చెప్పే మాటలు. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టిన శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్. ఆయనకి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతారు. బికి టీకా ఉంది. ఒకప్పుడు అది విదేశాల నుంచి రావాలి, మనలాంటివాళ్లు కొనలేని ధర. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారు తన తల్లి పేరు మీద పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో మన దేశంలోనే ఈ టీకాని తయారు చేసింది. దాంతో ధర బాగా దిగివచ్చింది. తర్వాత ప్రభుత్వం పిల్లల టీకాల్లో దీన్ని కలిపి 2011 నాటికి దేశమంతా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక తల్లి పేరుతో మన నేల మీద పుట్టిన టీకా ఇది. తల్లులమైన మనమే దాన్ని వదిలేస్తే ఎలా?

పుట్టిన 24 గంటల లోపల మొదటి డోసు పడాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకి వేసే పెంటావాలెంట్ టీకాలో ఇది కూడా కలిసే ఉంటుంది. తల్లికి బి ఉంటే బిడ్డకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా వేస్తారు. తల్లి ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉంటే కడుపుతో ఉన్నప్పుడే మాత్రలు ఇస్తారు. ఇవన్నీ జరగాలంటే గర్భిణికి బి పరీక్ష ముందే జరిగి ఉండాలి. పెద్దవాళ్లు కూడా ఈ టీకా మూడు డోసులు వేయించుకోవచ్చు.

సికి టీకా లేదు, కానీ పూర్తిగా నయం చేసే మందు ఉంది. ఎక్కువమందికి 12 వారాలు మాత్రలు వాడితే సరిపోతుంది, వందలో 95 మందికి పైగా నయమవుతుంది. బికి మందు వైరస్‌ని అణచి ఉంచుతుంది, కాబట్టి డాక్టరు చెప్పకుండా మానేయకూడదు. 2018 జూలై 28న మన దేశంలో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దీని కింద బి, సి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అప్పు తీసుకుని బయట పరిగెత్తే ముందు జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇదే మాట టీబీకి, హెచ్‌ఐవీకి కూడా వర్తిస్తుంది. హెచ్‌ఐవీ కూడా రక్తం దారినే, కలయిక దారినే వస్తుంది, కంచం దారిన రాదు. టీబీ గాలి దారిన వస్తుంది, కానీ మందు సరిగా వాడితే నయమవుతుంది. ఏ జబ్బు ఏ దారిన వస్తుందో తెలిస్తే ఆ దారి మూయొచ్చు. తెలియకపోతే మనుషుల మొహాన తలుపులు మూస్తాం.

మా గ్రామ సంఘంలో చేసుకున్న తీర్మానాలు చదువుతున్నాం. మిగతా గ్రామ సంఘాలు కూడా చేసుకోవాలని కోరుతున్నాం.

1. సంఘంలో ఎవరింట్లో గర్భిణి ఉన్నా హెపటైటిస్ బి పరీక్ష జరిగిందా లేదా ఆశా అక్కతో కలిసి కనుక్కోవాలి. బిడ్డకి 24 గంటల్లో టీకా పడిందని తల్లీబిడ్డల కార్డులో రాయించుకోవాలి.

2. ఇంట్లో ఒకరికి బి లేదా సి ఉందని తేలితే మిగతా అందరూ పరీక్ష చేయించుకునేలా చూడాలి. ఆసుపత్రికి తోడుగా సంఘం నుంచి ఒకరు వెళ్లాలి.

3. వాటర్ ట్యాంకు కడిగిన తేదీ, క్లోరిన్ కలిపిన తేదీ పంచాయతీలో అడిగి తెలుసుకోవాలి. పైపు పగిలితే ఆ రోజే ఫిర్యాదు చేయాలి. బాగయ్యేదాకా నీళ్లు మరగబెట్టి తాగాలి.

4. కొత్త సిరంజీ, కొత్త బ్లేడు అడగకుండా ఎక్కడా సూది గానీ, గుండు గానీ, చెవులు కుట్టించడం గానీ చేయించుకోకూడదు.

5. జబ్బు ఉందన్న కారణంతో ఏ సభ్యురాలినీ మీటింగుకి, అప్పుకి, పదవికి దూరం పెట్టకూడదు. ఎవరి జబ్బు సంగతైనా వాళ్ల అనుమతి లేకుండా బయట చెప్పకూడదు.

వైద్యం కోసం అప్పు అడిగితే మనం వెంటనే సంతకం పెడతాం, అది మంచిదే. ఇక నుంచి ఆ సంతకంతో పాటు "పరీక్ష చేయించారా? దేనివల్ల వచ్చిందన్నారు?" అనే రెండు ప్రశ్నలు కూడా అడుగుదాం. కళ్లు పచ్చబడే దాకా ఆగొద్దు. పచ్చబడితే పసరు దగ్గర ఆగొద్దు.